నీళ్ళ మీద బస్సు

సుధారాణికి అత్తగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ ఎన్నడూ తప్పు చేయదు.

తక్కిన అత్తగార్లు పొరపాటున పాలు పొంగబెడతారు, మాట తూలుతారు, చుట్టాల పేర్లు తారుమారు చేస్తారు. కోడళ్ళు వాటన్నిటినీ మూటగట్టి దాచుకుని, తీరిక దొరికినప్పుడు విప్పుకుని ఆనందిస్తారు. సుధారాణికి ఆ భాగ్యం లేదు. పోతమ్మ పెట్టిన పులుసులో ఉప్పు ఎక్కువైతే అది ఉప్పు చేసిన తప్పు. గాజువాక వెళ్ళాల్సిన మనిషి మద్దిలపాలెంలో తేలితే అది బస్సుకు బోర్డు రాసినవాడి తప్పు. జాలరిపేటలో నెత్తిన గంపతో చేపలమ్మి పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ. బేరంలో ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకుంటే ఆ పూట గంప ఖాళీ కాదని చిన్నప్పుడే నేర్చుకుంది. ఆ విద్య గంపతోపాటు గడప దాటి ఇంట్లోకి కూడా వచ్చేసింది.

'తప్పు నాది' అనే మాట ఆవిడ నోట వినాలని సుధారాణి కాపురానికి వచ్చిన కొత్తలోనే కోరుకుంది. వినగానే ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది. 'పర్లేదులే అత్తా' అనే ఉదారమైన జవాబొకటి. 'ఏంటత్తా, సరిగ్గా వినపడలేదు, మళ్ళీ అను' అనే అంత ఉదారం కానిది ఇంకొకటి. రెండూ వాడకం లేక పెళ్ళినాటి వెండి గ్లాసుల్లా బీరువాలో నల్లబడ్డాయి.

సుధారాణి వాళ్ళదీ సముద్రం మీద బతికిన కుటుంబమే. కానీ తాతగారితో వల ఆగిపోయింది. తండ్రి పోర్టు ఆఫీసులో గుమాస్తా. పోర్టు క్వార్టర్స్ కిటికీలోంచి ఓడల పొగగొట్టాలు చూస్తూ బి.ఏ. చదివింది. తొంభై రెండులో వీరేంద్రతో పెళ్ళయింది. అతను ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర ఉద్యోగి. ఇనుము కరిగే మంట తప్ప మరో మంట అతనికి ఆనదు. ఇంట్లో గ్యాస్ పొయ్యి వెలిగించి ఉందా లేదా అని కూడా గమనించడు.

పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం జాలరిపేట ఒడ్డున నడుస్తూ, చెప్పులో దూరిన ఇసుక దులుపుకుందామని సుధారాణి మామగారి పడవ అంచు మీద కూర్చుంది. అంతే.

"ఓలమ్మో! లెగు, లెగు! ఆడకూతురు పడవ మీద కూకుంతాదేటి!" అని పోతమ్మ గంప కింద పడేసి పరుగెత్తుకొచ్చింది.

ఆ ఇంటి ఆడది పడవ తాకకూడదట. ఆ నియమం ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు. పక్క పడవ అంచున జోగమ్మ అనే పొరుగావిడ కాళ్ళు ఆడిస్తూ కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. సుధారాణి ఆమె వంక చూసింది.

"ఆళ్ళింటి పద్దతి ఆళ్ళది. మనింటి పద్దతి మనది," అంది పోతమ్మ.

పడవను పసుపునీళ్ళతో కడిగారు. మర్నాడు మామగారు అర్జునరావుకు వల చిరిగేటన్ని చేపలు పడ్డాయి. "సూసినావా, పసుపునీళ్ళు ఎలాగ పనిసేసినాయో!" అంది పోతమ్మ. వల ఖాళీగా వచ్చి ఉంటే ఆ ఘనత ఎవరి ఖాతాలో పడేదో సుధారాణికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

మామగారు మాత్రం మీసాల కింద నవ్వుకున్నాడు. ఆదివారాలు కొడుకూ కోడలూ ఉక్కునగరం నుంచి జాలరిపేట వచ్చినప్పుడు, ఆయన అరుగు మీద కాళ్ళు చాపుకుని, బొటనవేలికి వల తగిలించి కుట్టుకుంటూ కోడలికి కబుర్లు చెప్పేవాడు. ఆ కబుర్లన్నీ ఒకే సంగతి గురించి, నడిసముద్రంలో పడవలోంచి కనపడే ఒడ్డు గురించి. అక్కణ్ణుంచి చూస్తే ఇక్కడ ఎలా ఉంటుందో.

"అక్కణ్ణుంచి సూత్తే మనూరు మనూరు కాదమ్మీ. సింహాచలం కొండలు నీలంగా, ఆవులు పడుకున్నట్టుంతాయి. ఆ డాల్ఫిన్ ముక్కు కొండుంది సూడు, నీళ్ళు తాగడానికి ఒంగినట్టుంతాది. ఆ పక్కన నీ మొగుడి ఫ్యాక్టరీ పొగ. అది సూసి, మావోడు డూటీలో ఉన్నాడు అనుకుంతాను. అన్నిటికంటే ముందు మాత్రం మీ అత్త సీర కనపడతాది."

"అంత దూరం నుంచి చీర ఎలా కనపడుతుంది మామయ్యా?"

"మనిసి కనపడదు. మొకం కనపడదు. ఎరుపు కనపడతాది."

లోపల్నుంచి పోతమ్మ గొంతు ఖంగుమనేది. "అబద్దాలకోరు! కోడలి ముందర సిగ్గు నేదు! కంటికి కొండే ఆనదంతాడు, సీర ఆనుతాదట!"

సుధారాణి ఒక విషయం గమనించింది. పడవలు తిరిగొచ్చే వేళకి ఒడ్డుకు వెళ్ళేటప్పుడు పోతమ్మ ఎప్పుడూ ఎర్రచీరే కట్టేది. ఎందుకత్తా అని అడిగితే, "సేపల నెత్తురు మరకలు ఆనవని," అనేది. నమ్మదగిన జవాబే. కాకపోతే చేపలు కోయని పండగ రోజుల్లో కూడా ఎరుపే.

ఆ కబుర్లు సుధారాణిలో ఎక్కడో తడిగా ఉండిపోయాయి. గిన్నెలు తోముతూ, డాబా మీద వడియాలు పెడుతూ, ఉన్నట్టుండి ఆమె నీళ్ళ మీద ఉండేది. ఒడ్డు వెనక్కి జరిగేది. కొండలు పడుకునేవి. ఎక్కడో ఒక చీర అంచు ఎగిరేది. సముద్రం పక్కనే పుట్టి, సముద్రం పేరు చెప్పుకుని బతికే ఇంట్లో మెట్టి, ఒక్కసారైనా అందులోంచి ఒడ్డు చూడలేదు. టిఫిన్లమ్మే ఇంట్లో పుట్టి ఇడ్లీ రుచి తెలియనట్టు.

రెండు వేల మూడులో అర్జునరావు జ్వరం తిరగబెట్టి ఆస్పత్రి మంచం మీద పోయాడు. పోతమ్మ ఎరుపు మానేసింది. మరకల సంగతి మరి ఎత్తలేదు. వీరేంద్ర ఆవిడను ఉక్కునగరం క్వార్టర్సుకు తెచ్చుకున్నాడు. అక్కడ చెట్లు వరసలో నిలబడతాయి, గాలి కూడా షిఫ్టు చూసుకుని వీస్తుంది. మధ్యాహ్నాలు పోతమ్మ పెరటి మెట్టు మీద కూర్చుని తూర్పు వైపు చెవి పెట్టేది.

"ఏం వింటున్నావత్తా?"

"ఏటీ ఇనపడతం నేదు. అదే ఇంతన్నాను."

పోతమ్మ చిన్న కొడుకు నాగబాబు ఇటలీ ఓడలో వంటవాడు. విహారానికి వచ్చేవాళ్ళని ఎక్కించుకుని ఊరూరా ఒడ్డు వెంబడి తిరిగే పెద్ద ఓడ. రెండు వేల ఆరు వేసవిలో ఫోన్ చేశాడు. పనిచేసేవాళ్ళ కుటుంబాలకు ఓడవాళ్ళు ఒక ప్రయాణం ఇస్తున్నారట. అమ్మ, అన్న, వదిన ముగ్గురూ రావాలట. సుధారాణి కూతురు దేవిని పోర్టు క్వార్టర్సులో అమ్మమ్మ దగ్గర వదలొచ్చు. అంతా బాగానే ఉంది.

"ఓడా? నానెక్కను," అంది పోతమ్మ. "మనింటి ఆడోళ్ళు పడవెక్కరు."

నాగబాబు వంటవాడే కాదు, పోతమ్మ కొడుకు కూడా. "అమ్మా, అది ఓడ కాదే. ఓడలాగ కట్టిన హోటలు. మంచాలున్నాయి, తివాసీలున్నాయి. లిఫ్టు కూడా ఉంది. లిఫ్టున్న పడవ నువ్వెక్కడైనా సూసినావా?"

పోతమ్మ ఆలోచించింది. "లిఫ్టున్న పడవ నాను సూడనేదు," అంది నిజాయితీగా.

"మరి?"

"అయితే హోటలే."

అలా పాస్‌పోర్టు ఫొటోలో మొదటిసారి పోతమ్మ ముఖం బిగుసుకుంది. ఫొటో బాగా రాకపోవడం కెమెరా తప్పు.

కొద్దిరోజులకు నాగబాబు ఒక రంగుల పుస్తకం పంపాడు. ఓడ ఆగే ఊళ్ళలో సలెర్నో అనే చోట కుటుంబానికి ఒక షికారు ఉచితం. ఏది కావాలో ఎంచుకోవచ్చు, అయితే ముగ్గురూ కలిసి ఒకదానికే వెళ్ళాలి. పుస్తకం వరండాలో స్టూలు మీద వెలిసింది. వారం రోజులు ఆ ఇంట్లో కూరల గురించి ఎవరూ మాట్లాడలేదు.

వీరేంద్ర మొదటి రోజే తేల్చేశాడు. "అగ్నిపర్వతం. పూర్వం ఊరినే మింగేసిందట. బస్సు మీద తీసుకెళ్తారు."

"రోజూ కొలిమి ముందు నిలబడేది చాలక, సెలవు పెట్టి మరీ ఇంకో కొలిమి చూడాలా?" అంది సుధారాణి.

"ఇది మనుషులు కట్టింది కాదే. దేవుడి బ్లాస్ట్ ఫర్నేసు."

సుధారాణి వేలు ఇంకో పేజీ మీద ఉంది. నిట్టనిలువు కొండలు, వాటి మీద అతికించినట్టున్న ఇళ్ళు, కింద నీలిరంగు నీళ్ళు. నీళ్ళలో తెల్ల గుడ్డ పందిరి వేసిన చిన్న పడవ. ఒడ్డు వెంబడి తీసుకెళ్ళి, గుహలు చూపించి తీసుకొస్తుంది. పడవ ఎంత కిందికి ఉందంటే, అందులో కూర్చున్నావిడ చెయ్యి నీళ్ళలో ఉంది. సుధారాణి పప్పు గరిటె పట్టుకునే ఆ ఫొటోలోకి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి చూస్తే ఇక్కడ ఎలా ఉంటుందో. ఆ చేతికి తగిలే నీళ్ళు చల్లగా ఉంటాయా? కొండలు పడుకుంటాయా? ఒడ్డు మీద మనిషి కనపడుతుందా, మామగారు చెప్పినట్టు ఎరుపు మాత్రమే కనపడుతుందా? ఆయన చెప్పింది నిజమో కబురో ఇన్నేళ్ళకు తెలుస్తుంది. ఈ లోపల పప్పు అడుగంటింది. అది పప్పు తప్పని పోతమ్మ అనలేదు.

"నాకు ఈ పడవ షికారు కావాలి," అంది సుధారాణి ఆ సాయంత్రం. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

పోతమ్మ బొమ్మ వైపు చూడలేదు. "పడవలు మనకు పనికిరావు. ఈరా, నీ అగ్గికొండ బస్సు గుడికి తోలుకెల్తాదేటి?"

వీరేంద్ర పుస్తకం తిరగేశాడు. "ఎల్తాదమ్మా. దారిలో మేరీమాత గుడి దగ్గర ఆపుతారట. మన రాస్ హిల్ అమ్మలాగే."

"అయితే బస్సే. రాస్ హిల్ అమ్మకి కొవ్వొత్తి ఎలిగించినాను, ఆవిడ అప్పకో సెల్లెలికో ఎలిగించడానికేటి?"

ఇద్దరు బస్సు, ఒకరు పడవ. దేశం మొత్తం మీద ఇంత వేగంగా ముగిసిన ఎన్నిక లేదు. సుధారాణి పుస్తకం మూసి, దాన్ని తీసుకెళ్ళి తన చీరల మధ్య పెట్టుకుంది. ఓడినవాళ్ళకు ఆ మాత్రం హక్కు ఉండాలి.

ఇటలీలో జెనోవా రేవు దగ్గర ఓడ ఎక్కారు. ఎక్కారని పోతమ్మకు తెలియకుండా ఎక్కించారు. విమానాశ్రయంలో ఉన్నట్టే గాజు సొరంగం, కింద తివాసీ, చివర నవ్వే అమ్మాయి. లోపల దీపాల చెట్లు, మెట్ల మీద ఇత్తడి కమ్మీలు. నాగబాబు తెల్ల టోపీతో ఎదురొచ్చి అమ్మ కాళ్ళకు దండం పెట్టాడు.

"హోటలు బాగుందిరా," అంది పోతమ్మ.

ఆ రోజులు నిద్రలో జరిగినట్టు జరిగాయి. కిటికీలో ఒడ్డు నెమ్మదిగా పోతూ ఉండేది. భీమిలి రోడ్డు మీద బస్సులో కూర్చుంటే సముద్రం పోతుంది కదా, అలాగే, కాకపోతే తిరగేసి. ఇక్కడ సముద్రం నిలబడితే ఊళ్ళు పోయేవి. గులాబీరంగు ఊరు, దాని వెనక పసుపు ఊరు, గంట మోగే ఊరు, గంట ఆగిపోయిన ఊరు. అయితే ఓడ చాలా ఎత్తు. పైనుంచి చూస్తే ఒడ్డు మేడ మీది నుంచి చూసిన వీధిలా ఉంది. మామగారు చెప్పిన ఒడ్డు ఇది కాదు. ఆయన పడవలోంచి, నీళ్ళ మట్టంలోంచి, తల ఎత్తి చూసిన ఒడ్డు వేరే ఉండాలి. సుధారాణి కమ్మీ మీదికి వంగి వంగి చూసేది. చెయ్యి ఎంత చాపినా నీళ్ళు అందనంత కిందే ఉండేవి.

సలెర్నో చేరే ముందు రోజు ఒక విచిత్రం జరిగింది. షికార్ల బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి వీరేంద్రకు ఒక నిజం చెప్పింది. ఆ కొండ నిప్పులు కక్కి చాలాకాలమైందట. ఇప్పుడు మంట లేదు, ఎర్రగా పారేదేమీ లేదు. పైన గుంట ఉంటుంది, చూసి రావడమే.

వీరేంద్ర ముఖం చల్లారిన ఇనుములా అయింది. "షట్‌డౌన్‌లో ఉందట," అన్నాడు భార్యతో. "షట్‌డౌన్‌లో ఉన్న ఫర్నేసు మనకేం కొత్త? రెండేళ్ళకోసారి చూస్తూనే ఉంటాం."

"అయితే?" అంది సుధారాణి.

"నీ పడవకే పోదాం. కానీ అమ్మని నువ్వే ఒప్పించు. నావల్ల కాదు. కొలిమిలోకైనా దూకమను దూకుతాను."

సాయంత్రం అత్తాకోడళ్ళు పై అంతస్తులో పొడుగాటి కుర్చీల మీద పక్కపక్కన పడుకున్నారు. సూర్యుడు సముద్రం అంచున కరుగుతున్నాడు. నీళ్ళ మీద ఎర్రటి దారి ఒకటి ఓడతోపాటే వస్తోంది. పోతమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ముక్కుపుటాలు మాత్రం కదులుతున్నాయి.

"గాలి తిరిగింది," అంది కళ్ళు తెరవకుండా. "రేపు నీళ్ళు నూనెలాగుంతాయి."

సుధారాణి మోచేతి మీద లేచింది. "అత్తా. హోటలుకు గాలి తిరిగితే ఏం, తిరక్కపోతే ఏం?"

పోతమ్మ ముక్కుపుటాలు కదలడం ఆగిపోయింది.

"నీకు తెలుసు! ఇది ఓడని నీకు మొదట్నుంచీ తెలుసు!"

"ఏటి తెలుసు? హోటలని నా కొడుకు సెప్పినాడు. నాను నమ్మినాను. కన్నకొడుకు మాట నమ్మకపోతే ఎవుళ్ళ మాట నమ్ముతాను? అది అబద్దమైతే ఆడి నెత్తి మీద. గంగమ్మ అడిగితే నాగబాబు పేరు సెప్తాను. ఏ వంటింట్లో ఉంతాడో కూడా సెప్తాను."

సుధారాణి మళ్ళీ వెనక్కి వాలింది. ఆకాశం నెమ్మదిగా ఊగుతోంది. ఇన్నేళ్ళ కాపురంలో అర్థం కానిది ఆ ఊపులో అర్థమైంది. పోతమ్మను ఒప్పించాలని చూడటం దండగ. ఒప్పుకుంటే అంతకుముందు అన్నది తప్పయిపోతుంది. ఆవిడకు కావలసింది, ఆవిడ బదులు తప్పు మోయడానికి ఒక మంచి అబద్ధం. దాన్ని ఎవరో ఒకరు చేతిలో పెట్టాలి. చిన్న కొడుకుకి ఆ సంగతి తెలుసు. బి.ఏ. చదివిన కోడలికి ఇప్పుడు తెలిసింది.

ఆమె లేచి వెళ్ళి షికార్ల బల్ల దగ్గర ముగ్గురి పేర్లూ మార్పించి వచ్చింది.

పొద్దున్న నీళ్ళు నిజంగానే నూనెలా ఉన్నాయి. గాజు సొరంగం దాటి, రేవు వెంబడి నడుస్తుంటే గాలిలో నిమ్మకాయల వాసన, తారు వాసన, వేయించిన చేపల వాసన. ఆ మూడోదానికి పోతమ్మ నడక కుదురుకుంది. రాతిమెట్ల చివర ఒక తెల్లటి పడవ తాడుకి కట్టి ఉంది. పైన గుడ్డ పందిరి, లోపల చెక్క బల్లలు. టోపీ పెట్టుకున్న ఒకాయన టికెట్లు చింపుతున్నాడు.

పోతమ్మ మెట్ల మీదే ఆగిపోయింది. "అదేటి?"

"బస్సు అత్తా," అంది సుధారాణి.

"బస్సా!"

"బస్సే. సీట్లున్నాయి చూడు, వరసగా. పైన టాపు ఉంది. అదిగో, కండక్టరు టికెట్లు చింపుతున్నాడు. గంట కూడా ఉంది, రైట్ రైట్ అనడానికి. ఈ దేశంలో రోడ్లు చాలక బస్సులు నీళ్ళ మీద నడుపుతారు."

పోతమ్మ కోడలి ముఖంలోకి చూసింది. చేప కళ్ళు చూసి ఎప్పుడు పట్టిందో చెప్పే చూపు అది. సుధారాణి కళ్ళు తిప్పుకోలేదు. ఈవిడ వెనక్కి తిరిగితే అయిపోయింది. మళ్ళీ ఈ జన్మలో ఇటలీ లేదు, పడవ లేదు, అక్కణ్ణుంచి ఇక్కడ ఎలా ఉంటుందో తెలిసేది లేదు.

"ఈరా," అంది పోతమ్మ కొడుకు వైపు తిరిగి. "మీ ఆవిడ బస్సంతంది."

వీరేంద్ర పడవ వంకా భార్య వంకా చూశాడు. "బస్సేనమ్మా. మన మధురవాడ బస్సుకంటే మేలు. కూచోడానికి చోటుంది."

"మరి చక్రాలేవి?"

"నీళ్ళలో మునిగున్నాయి అత్తా," అంది సుధారాణి.

పోతమ్మ కాసేపు నీళ్ళలోకి చూసింది. చక్రాల కోసం చూసినట్టే చూసింది. "నువ్వు సెప్పినావు," అంది చివరికి, ఒక్కొక్క మాట లెక్కగా అప్పజెబుతూ. "నాను నమ్మినాను. గుర్తెట్టుకో."

"గుర్తుంటుంది. గంగమ్మ అడిగితే నా పేరు చెప్పు."

"సెప్తాను. ఇంటిపేరుతో సెప్తాను."

పోతమ్మ చెప్పులు విప్పి చేత పట్టుకుంది. పడవ అంచును మూడు వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను కళ్ళకు అద్దుకుంది.

"బస్సుకి దండం పెడతావేంటమ్మా?" అన్నాడు వీరేంద్ర, ఉండబట్టలేక.

"నోరుముయ్యి. డైవరు బాగా నడపాలని."

టోపీ ఆయన చెయ్యి అందించాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకోలేదు. గంప దించినంత తేలిగ్గా ఎక్కి కూర్చుంది.

గంట మోగింది. తాడు విప్పారు. రాతిమెట్లు జరిగాయి, మెట్ల మీది పావురాలు జరిగాయి. ఊరు తన కాళ్ళు తను చూసుకుంటూ వెనక్కి నడిచినట్టు నడిచింది. సుధారాణి పడవ అంచు మీదుగా చెయ్యి జార్చింది. నీళ్ళు అందాయి. చల్లగా, మెత్తగా, వేళ్ళ మధ్య నుంచి జారిపోతూ, ఏదో చెప్పబోయి మరిచిపోతున్నట్టు. ఎవరూ చూడకుండా వేలు నాలుక మీద పెట్టుకుంది. జాలరిపేట ఉప్పే.

అక్కణ్ణుంచి చూస్తే ఒడ్డు ఒడ్డు కాదు. రేవులో నిలబడి చూసినప్పుడు విడివిడిగా ఉన్న ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి తల పెట్టుకున్నాయి. కొండలు మొదట ఆకుపచ్చగా, తర్వాత పొగ రంగుగా, ఆ తర్వాత నీలంగా అయ్యాయి. అయ్యి, చూస్తుండగానే, ఒక్కొక్కటే మోకాళ్ళు మడిచి పడుకున్నాయి. ఆవుల్లాగే. ఒక ముక్కు కొండ నీళ్ళలోకి వంగింది. పక్కన ఫ్యాక్టరీ పొగ ఒక్కటే తక్కువ. సుధారాణికి ఇటలీలో ఉన్నట్టు లేదు. మామగారి అరుగు మీద కూర్చుని, వల చివర పట్టుకున్నట్టుంది.

పడవలో గుహల గురించి చెప్పే మనిషి కుడివైపు చెయ్యి చూపించాడు. అందరూ కుడివైపు తిరిగి అబ్బో అన్నారు. వీరేంద్ర కూడా అన్నాడు. పోతమ్మ తిరగలేదు. ఎక్కినప్పటినుంచీ వెనక్కే చూస్తోంది, రేవు వైపు.

రేవు చివర రాళ్ళ మీద ఒకావిడ నిలబడి ఉంది. ఎవరినో సాగనంపడానికి వచ్చిందో, ఎవరి కోసమో చూస్తోందో. ఎర్ర గౌను. పడవ కదిలినప్పుడు ఆవిడ నవ్వు కూడా కనపడింది. కొంచెం దూరం పోయాక నవ్వు పోయింది. తర్వాత ముఖం పోయింది. చేతులు, కాళ్ళు, నిలబడ్డ రాయి, అన్నీ ఒక్కొక్కటిగా ఎండలో కరిగిపోయాయి.

"సుదా," అంది పోతమ్మ. గొంతు కొత్తగా ఉంది, బేరం ఎరగని గొంతులా. "ఆ రాళ్ళ మీద నీకేటైనా కనపడతందా?"

సుధారాణి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మనిషి కనపడటం లేదత్తా."

"మనిసి సంగతి కాదు."

"ఎరుపు కనపడుతోంది."

పోతమ్మ తలాడించింది. ఆవిడ వేళ్ళు ఒళ్ళో ఉన్న చీర కుచ్చిళ్ళను తడుముతున్నాయి. వెలిసిన బూడిదరంగు నేతచీర. పడవ అడుగున నీళ్ళు మెల్లగా తట్టాయి, ఎవరో తలుపు కొట్టి లోపలికి రావాలా వద్దా అని ఆగినట్టు.

"ఇది బస్సు కాదు," అంది పోతమ్మ.

వీరేంద్ర గుహ వదిలేసి గిర్రున తిరిగాడు. "అమ్మా, అది కాదు..."

"నువ్వు నోరుముయ్యరా. పడవ కాకపోతే ఏటిది? పడవని పడవ కాదంతే నాకు తెల్దేటి?" ఆవిడ రేవు మీద నుంచి చూపు తిప్పలేదు. "మనువైన కొత్తలో మీ నాన్న ఒకపాలి రమ్మన్నాడు. రా పోతీ, ఒడ్డు మీద నీ సీర ఎలాగుంతాదో అక్కణ్ణుంచి సూపిస్తాను, మీ అప్పకి నీ ఎర్రసీర కట్టించి నిలబెడతాను, అన్నాడు. పెద్దోళ్ళెవలూ ఒద్దననేదు. మా అత్త ఎల్లమనే అంది. నాకే బయ్యమేసింది. సేపలమ్మే దానికి నీళ్ళంతే బయ్యమని సెప్పుకుంతే నవ్విపోరేటి? అందుకని, ఆడకూతురు పడవ ముట్టరాదు, అరిష్టం, అనీసినాను. ఆడు నమ్మినాడు. అందరూ నమ్మినారు. ఒకపాలి అనీసినాక మరెలాగ మారుస్తాను?"

సుధారాణికి ఆ పసుపునీళ్ళు గుర్తొచ్చాయి. పక్క పడవ మీద జోగమ్మ వేరుశనక్కాయలు గుర్తొచ్చాయి. బీరువాలో ఏళ్ళ తరబడి మగ్గిన రెండు జవాబులూ నాలుక చివరికి వచ్చి, ఇది తమ కోసం అంటున్న మాట కాదని తెలుసుకుని, వెనక్కి వెళ్ళిపోయాయి. ఆమె తడి చేత్తోనే అత్తగారి చెయ్యి పట్టుకుంది.

దూరంగా ఆ ఎరుపు ఇంకా ఉంది. ఆవగింజంత. కొండలు ఆవుల్లా పడుకుని దాన్ని కాపలా కాస్తున్నాయి.

"బతికినన్నాళ్ళూ అబద్దాలకోరనే అన్నాను," అంది పోతమ్మ, పక్కనున్న ఇద్దరితోనూ కాకుండా, నీళ్ళ మీదుగా, గట్టిగా, ఒడ్డున ఉన్నవాళ్ళకు వినపడాలన్నట్టు. "కనపడతంది. నువ్వు సెప్పినట్టే కనపడతంది. తప్పు నాది."